అరచేతిలో కోడిగుడ్డు

నా తలలో జబ్బు తిరగబెట్టిందని మొదట కనిపెట్టింది డాక్టరూ కాదు, స్కానూ కాదు. పుత్తూరులో ఎముకలకు కట్లు కట్టే ఒక పెద్దాయన. అది కూడా కోడిగుడ్డుతో. ఈ మాట చెబితే ఎదుటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు నేనూ నవ్వుతూనే చెబుతున్నాను, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

నా పేరు రెడ్డెమ్మ. చిత్తూరు పక్కన ఒక నర్సరీలో మామిడి అంట్లు కడతాను. మా నాయన నేర్పిన పని. నాటు మొక్క కాండానికి పక్కగా పలచగా చెక్కు తీసి, మంచి రకం పుల్లను దానికి సరిపడా చెక్కి అతికించి, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. వినడానికి ఇంతే. చెక్కు కొంచెం లోతయినా, పట్టీ కొంచెం వదులయినా అంటు పట్టదు. బేనిషా రకం గానీ నీలం రకం గానీ, నా చేతి అంటు పట్టలేదని తిరిగొచ్చినవాళ్లు తక్కువ. అందుకే నా కత్తిని ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. మా ఆయన మునిరత్నం అదే నర్సరీలో సంచులకు మన్ను నింపుతాడు, మొక్కలకు నీళ్లు పడతాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన కూడా ఆ కత్తి పట్టలేదు. అంత పొగరు నాకు. చేతిపని వచ్చినవాళ్లకు ఆ మాత్రం పొగరు ఉంటుంది, దాన్ని నేను తప్పనుకోను. నేను చేసిన తప్పు వేరే ఉంది. దాచకుండా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

తొమ్మిదేళ్ల కిందట

మొదటిసారి అది కుడిచేతి బొటనవేలితో మొదలైంది. పుల్ల చెక్కుతుంటే వేలు తనంతట తాను కొట్టుకునేది. అలసట అనుకున్నాను. ఒకరోజు బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ బండ మీదే పడిపోయాను. మూర్ఛ అన్నారు. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే మెదడులో గడ్డ ఉందన్నారు, తల తెరిచి తీశారు.

అది మెల్లగా పెరిగే రకమనీ, అంత భయపడాల్సింది కాదనీ డాక్టరు చెప్పాడు. చేతిని ఆడించే చోటుకు ఆనుకొని ఉంది గనుక అక్కడ మాత్రం కొంచెం వదిలేశామన్నాడు. ఏడాదికోసారి వచ్చి స్కాన్ తీయించుకోవాలని గట్టిగా చెప్పాడు. నాలుగేళ్లు వరసగా వెళ్లాను. నాలుగుసార్లూ బాగుందన్నారు. ఐదో ఏడు కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి, ఆ ఏడు తప్పిపోయింది. ఆరో ఏడు నేనే తప్పించాను, ఆ తర్వాత ఇక పోనేలేదు.

ఎందుకంటే నాకు ఆ స్కాన్ గొట్టమంటే భయం. తల బిగించి, లోపలికి తోసి, చెవుల దగ్గర సుత్తితో కొట్టినట్టు ఆ చప్పుడు. పామును చేత్తో పట్టుకోమంటే పట్టుకుంటాను గానీ దాంట్లో పడుకోమంటే ఒళ్లంతా చెమటలు పడతాయి. ఈ మాట బయటికి చెప్పడానికి నామోషీ. ఇంట్లో అడిగితే, డాక్టరుకు ఫోన్ చేశాననీ, ఇక రానక్కర్లేదన్నాడనీ చెప్పాను. పచ్చి అబద్ధం. ఫోనే చేయలేదు. మూర్ఛ మాత్రలు మాత్రం మానకుండా వేసుకునేదాన్ని, అదొక్కటే నేను చేసిన మంచి పని.

జూన్ నుంచి ఆగస్టు

పోయినేడు తొలివానలు పడగానే అంట్ల పని మొదలైంది. మొదటి వారంలోనే కత్తి రెండుసార్లు జారింది. పట్టీ ఎంత లాగినా ముడి బిగిసేది కాదు. ఇరవై రోజులకు చూస్తే నా వరసల్లో పుల్లలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. యజమాని మొక్కల వైపు చూసి, నా వైపు చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను, నీళ్లు సరిగ్గా పట్టలేదని. పాపం ఆయన నీళ్లు సరిగ్గానే పట్టాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకు నర్సరీలో పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద కాలు జారి, కుడి మణికట్టు మీద పడ్డాను. చెయ్యి బుస్సున పొంగింది. నిజం చెబుతున్నాను, పడినందుకు లోలోపల సంతోషపడ్డాను. చేతికి బలం లేకపోవడానికి నలుగురికీ చెప్పుకోదగ్గ కారణం దొరికింది గదా.

మా వైపు చెయ్యి విరిగినా కాలు బెణికినా పుత్తూరు కట్టే. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు కూడా దాన్ని చంకలో పెట్టుకొని అక్కడికే పోతారు. మేమూ పోయాం. పెద్దాయన మణికట్టు నొక్కి చూసి, ఎముక సన్నగా చీలిందన్నాడు. పసరు పూసి, గుడ్డులోని తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి చుట్టాడు. పదిహేను రోజులకోసారి విప్పి మళ్లీ కట్టాలి. చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్లు నాకు హాయిగా ఉండేది. దాన్ని పని చేయమని అడిగేవాళ్లు లేరు. లోపల అది ఏమైపోతుందో చూసేవాళ్లూ లేరు. తలలో ఏమైనా ఉందేమో అన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కట్టును చూసుకొని దాన్ని తోసేశాను.

మూడో కట్టు విప్పిన రోజు పెద్దాయన నన్ను పిడికిలి పట్టమన్నాడు. పట్టాననే అనుకున్నాను. చూస్తే వేళ్లు సగంలోనే ఆగిపోయి ఉన్నాయి. ఆయన మొహం చిట్లించి, కళ్లు మూసుకోమన్నాడు. ఆయన పక్కన కట్లకు వాడే గుడ్ల బుట్ట ఉంది.

"సేతిలో ఏముండాదో సెప్పు మా" అన్నాడు.

నేను కాసేపు ఆగి చూశాను. "పెట్టండి సామీ, సెప్తా" అన్నాను.

ఎంతకీ ఏమీ తగలలేదు. కళ్లు తెరిచాను. గుడ్డు నా అరచేతిలోనే ఉంది.

చుట్టూ కూర్చున్న కాళ్లు విరిగినవాళ్లు, చేతులు విరిగినవాళ్లు అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దాయన గుడ్డును తీసి బుట్టలో పెట్టి, నా పాపిట పక్కన వెంట్రుకల్లో కనిపించే పాత గీతను చూశాడు. అదేమిటని అడిగాడు. ఎప్పటిదోలే అన్నాను. మా ఆయనకు కళ్లతోనే సైగ చేశాను, నోరు తెరవొద్దని. పెళ్లయినప్పటి నుంచి ఆ సైగకు ఆయన లోబడే ఉన్నాడు. ఆ రోజు లోబడలేదు. మూర్ఛ, గడ్డ, ఆపరేషన్ అన్నీ చెప్పేశాడు.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మా సేతికి సిక్కేది ఎముకొకటే మా. ఎముక అతుక్కునింది. ఇది ఎముక పని గాదు. ఇంటికి పోవద్దండి, ఇట్నే తిరుపతి బస్సెక్కండి" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, పసరు చేతులతోనే రోడ్డు దాకా వచ్చి, బస్సు ఆపి, మమ్మల్ని ఎక్కించి, కూర్చున్నామో లేదో కిటికీలోంచి చూసి మరీ వెనక్కి తిరిగాడు. ఆయన్ను తలుచుకోని రోజు లేదు నాకు.

సెప్టెంబరు

ఆసుపత్రిలో తలకు సంబంధించినవాళ్లు కూర్చునే హాలు వేరే ఉంది. ఇనుప కుర్చీలు వరసగా ఉంటాయి. అందరి ఒళ్లోనూ పెద్ద పెద్ద స్కాన్ కవర్లు. పిలిచేదాకా ఆ కవరును తెరవరు, పక్కన పెట్టరు. పొద్దున ఏడింటికి వెళ్తే మధ్యాహ్నం దాటాకే పిలుపు. ఆ హాల్లో పరిచయమైంది ఖైరున్ అక్క. తిరుపతిలోనే ఉంటారు, భర్త టైలరు. రెండేళ్ల కిందట ఆయనకు తలలో గడ్డ తీస్తే మాట పోయింది. నేను నిలబడి ఉండటం చూసి తన సంచీ ఒళ్లోకి తీసుకొని నాకు చోటిచ్చింది. మధ్యాహ్నం చపాతీ, టమాటా పచ్చడి నా చేతిలో పెట్టబోయి, నా కుడిచెయ్యి చూసి, తుంచి ఎడమచేతిలో పెట్టింది.

స్కాన్ చూశాక డాక్టరు మా ఆయన్ను ఒక్కడినే లోపలికి పిలిచాడు. బయటికొచ్చి, పాతదే కొంచెం పెరిగిందంట అన్నాడు. అప్పటికి నేనూ నమ్మాను. అనుమానం ఎక్కడ వచ్చిందంటే, ఆ సాయంత్రం నుంచి ఆయన నేను ఏమన్నా సరే అనడం మొదలుపెట్టాడు. కాఫీలో చక్కెర లేదంటే సరే. ఈ లాడ్జి గదిలో గాలి లేదు, మారదామంటే సరే. నీకు బుద్ధి లేదంటే దానికీ సరే. మా ఆయన నెమ్మదైన మనిషే గానీ ప్రతి మాటకూ ఒక కొర్రీ వేయందే ఊరుకోడు. కొర్రీ లేని మునిరత్నాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మూడో రోజుకు నాకు అర్థమైపోయింది, ఇది మామూలు గడ్డ కాదని.

మర్నాడు నంబరు పిలవగానే ఆయన కంటే ముందు నేనే లోపలికి దూరాను. "సార్, నాకు సెప్పండి. తల నాది" అన్నాను.

డాక్టరు మంచివాడు. మా ఆయన వైపు చూసి, కుర్చీ చూపించి, నాతోనే మాట్లాడాడు. అప్పట్లో వదిలేసిన చిన్న ముక్క ఇన్నేళ్లు ఊరికే ఉండి, ఈమధ్య గుణం మార్చుకుందన్నాడు. ఇప్పుడు అది చెడ్డ రకం, క్యాన్సరే, వేగంగా పెరుగుతోంది అన్నాడు. ఐదో ఏడో ఆరో ఏడో చూసి ఉంటే ఇంత దాకా వచ్చేదా అని నేనే అడిగాను. ముందే తెలిస్తే పని సులువయ్యేది అన్నాడు, అంతకంటే పొడిగించలేదు. ఈసారి చేతిని ఆడించే చోటు నుంచి కూడా గీకి తీయాలి. అలా తీస్తే కుడిచెయ్యి పోవచ్చు, మళ్లీ కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు. అక్కడ వదిలేస్తే చెయ్యి కొన్నాళ్లు ఉంటుంది, గడ్డ మళ్లీ తొందరగా వస్తుంది. నన్ను మెలకువగా ఉంచి, వేళ్లు ఆడిస్తుంటే చూసుకుంటూ తీస్తారు. వేళ్లు ఆగిపోతే అక్కడితో ఆపాలా, ముందుకు పోవాలా అన్నది ఇప్పుడే చెప్పాలి అన్నాడు.

నేను వెంటనే చెప్పాను, ఆపేయమని. చెయ్యి లేని రెడ్డెమ్మ ఎవరికి కావాలి? నాకే వద్దు. మా ఆయన అక్కడే కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు రెండు రోజులు ఆలోచించుకొని సంతకం చేయమన్నాడు.

సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీలో ఫోన్లు బిగించే పని చేస్తున్న మా అమ్మాయి భార్గవి సెలవు పెట్టి వచ్చేసింది. దానికి నా అబద్ధం సంగతి అప్పుడే తెలిసింది. నేనెప్పుడూ దాన్ని అంత కోపంగా చూడలేదు.

"ఇన్నేండ్లు మమ్మల్ని నమ్మించినావు. బయంగా ఉండాదని ఒక్క మాట సెప్పుంటే, ఆ రూములో నీ కాలు పట్టుకొని నిలబడుండేదాన్ని గదా" అంది.

ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే తల దువ్వింది, మాట్లాడకుండానే మాత్రలు ఇచ్చింది. తిడితే నాకు ఎదురు తిరగడం తెలుసు. మాట్లాడని మనిషితో ఏం చేయాలో తెలియలేదు. అప్పటికే నన్ను చేర్చుకున్న వార్డులో మొహం గోడకు తిప్పుకొని పడుకున్నాను. నన్ను చూడటానికి వచ్చిన ఖైరున్ అక్క మాత్రం తన భర్త సంగతే చెప్పింది. "మాట పోయింది, మనిషి ఉండాడు గదా అని మొదట్లో మనసుకు సెప్పుకుంటా ఉంటి. ఇప్పుడు ఆ అవసరమే లేదమ్మా. కోపమొస్తే కొలత టేపు ఇసిరేస్తాడు, నాకు అంతా అర్థమైపోతాది" అని నవ్వింది. పక్కనే ఉన్న ఆయన తన గురించే చెబుతోందని పసిగట్టి ఆమెను గుర్రుగా చూశాడు. నాకు ఆ చూపు నచ్చింది.

రెండో రోజు సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ వదులుతున్నారని ఆసుపత్రిలో నడవగలిగినవాళ్లంతా మేడ మీదికి ఎక్కారు. మా ఆయన నన్నూ తీసుకెళ్లాడు. తూర్పున నిప్పు చుక్క ఒకటి లేచి మబ్బుల్లోకి పోయింది. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మా ఆయన రాకెట్‌ను చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

"ఆ కత్తి నేను పట్టుకుంటా. నువ్వు పక్కన కూసోని తిట్టు. ఎంత తిట్టినా పడతా. తిట్టేదానికి నువ్వుండాల మే" అన్నాడు.

అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడం అరుదు. నీకు ఆ పని రాదని అన్నాను. రాదు, నేర్పు అన్నాడు. మొద్దు చేతులు నీవి అన్నాను. అవును అన్నాడు. ఈసారి ఆ అవును సరే లాంటిది కాదు, మామూలు మునిరత్నం అన్న మాట. కిందికి దిగి, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాను. వేళ్లు ఆగినా సరే, మొత్తం తీసేయండని.

ఆపరేషన్ రోజు

నొప్పి లేదు. ముందుగా ఆ మాట చెబుతున్నాను, భయపడేవాళ్లు ఉంటారు గనుక. చర్మానికి మందు వేసేటప్పుడు చురుక్కుమంది, అంతే. ఎముక కోసేటప్పుడు మత్తులో ఉంచారు. తర్వాత లేపారు. మొహం మీద గుడ్డ తెర, ఎక్కడో టిక్కుటిక్కుమనే యంత్రం. చలికి పళ్లు టకటకలాడుతుంటే ఒక నర్సమ్మ నా భుజాల మీద ఇంకో దుప్పటి కప్పి, నా కుడిచేతి దగ్గర స్టూలు వేసుకొని కూర్చుంది. బొటనవేలితో ఒక్కో వేలినీ ముట్టమంది. ముట్టాను. ఆమెకు తోచక ఏం పని చేస్తావని అడిగితే అంటు కట్టడం చెప్పాను. చెక్కు తీయాలి, పుల్ల చెక్కాలి, అతికించాలి, చుట్టాలి. చెబుతూ వేళ్లు ఆడిస్తున్నాను. రెండోసారో మూడోసారో చుట్టాలి అన్నప్పుడు ఆమె నా చేతి మీదికి వంగింది.

"సార్, బొటనవేలు ఆగింది" అంది.

నాకు ఏడుపొచ్చింది. తల బిగించి ఉంది గనుక కన్నీళ్లు చెవుల్లోకి పోయాయి. ఎలా ఉందమ్మా అని డాక్టరు వెనకనుంచి అడిగాడు. నేను ఆపండి అని అరిస్తే ఆయన ఆపేవాడేమో, ఇప్పటికీ తెలియదు. నా నాలుక చివర ఆ మాట ఉంది.

"మీ పని మీరు కానీండి సార్" అన్నాను.

నర్సమ్మ నా చెయ్యి పట్టుకునే ఉందట. తర్వాత ఆమే చెప్పింది. నాకు తెలియలేదు.

అక్టోబరు, నవంబరు

కంటికి కనిపించినంత మేరా తీసేశామన్నారు. చెయ్యి మాత్రం పక్కన పెట్టిన వస్తువులాగా ఉండేది. నిద్రలో దాని మీదే పడుకొని లేచేదాన్ని. కరెంటు పెట్టడం అంటారు గదా, రేడియేషన్, అది వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. తిరుపతిలోనే ఒక గది తీసుకున్నాం. మొహానికి వలలాంటి అచ్చు ఒకటి చేసి, దాన్ని బిగించి బల్లకు కట్టేస్తారు. గొట్టం కంటే నయం. పది నిమిషాల్లో అయిపోతుంది.

మూడో వారానికి వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలాయి. అద్దంలో చూసుకుంటే అక్కడక్కడా గడ్డి మిగిలిన చేనులా ఉంది. మంగలిని పిలిచి మొత్తం తీసేయించాను. ఆడదానికి బోడిగుండు అంటే వేరే ఊళ్లో అయితే వీధిలోకి రావడానికి ప్రాణం పోతుంది. తిరుపతిలో గుండును ఎవరు చూస్తారు? నా వయసు ఆడవాళ్లు సగంమంది గుండుతోనే తిరుగుతుంటారు. ఆటోలో పక్కన కూర్చున్నామె, దర్శనానికి ఎంతసేపు పట్టింది అక్కా అని అడిగింది. అలిపిరి దారిలో నడిచి పోయినావా, బస్సులోనా అని ఇంకొకామె అడిగింది. మొదట్లో జవాబు చెప్పడానికి తడుముకున్నాను. తర్వాత్తర్వాత బాగా అయింది మా, తోపులాట లేదు అని చెప్పేసేదాన్ని. స్వామి ఏమనుకున్నాడో ఏమో. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో నన్ను జబ్బు మనిషిగా కాకుండా యాత్రకు వచ్చినదానిలా చూసిన ఆ ఆడవాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. మా ఆయన గూడా గుండు కొట్టించుకున్నాడు. అది ఆయనకు అస్సలు బాగాలేదని చెప్పాను.

మామిడి పూత రోజులు

చిత్తూరుకు వచ్చేశాక నెలకు ఐదు రోజులు క్యాన్సర్ మాత్రలు. ఆ ఐదు రోజులు కడుపులో తిప్పేది. తాలింపు వాసన వస్తే చాలు, వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. మా ఆయన తాలింపు లేని కూరలు వండటం నేర్చుకున్నాడు. వాటికి ఒక రుచంటూ ఉండేది కాదు, అయినా తిన్నాను. మిగతా రోజుల్లో బాగానే ఉండేది. తోటల్లో పూత వచ్చింది, పిందె పడింది, కాయ దిగింది, నేను వాకిట్లో మంచం మీద కూర్చొని దారిన పోయే లారీలు చూశాను.

అన్నిటికంటే కష్టం తిండి దగ్గర. చెంచాతో ఎడమచేత్తో తినడం నాకు చిన్నతనంగా ఉండేది. ఎవరైనా ఇంటికొస్తే ఆకలి లేదని చెప్పి వాళ్లు పోయేదాకా కూర్చునేదాన్ని. వేళ్లను కదిలించే వ్యాయామాలు నేర్పిన అమ్మాయి, రోజూ చేస్తే కదలిక వస్తుంది, స్పర్శ సంగతి మాత్రం చెప్పలేను అంది. రోజూ చేశాను. గోడకు చెయ్యి ఆనించి పైకి పాకించడం, పిండి పిసకడం, బొటనవేలితో ఒక్కో వేలినీ ముట్టడం. నాలుగు నెలలకు వేళ్లు వంగాయి. ఆరో నెలకు గిన్నె పట్టుకోగలిగాను, అదీ కళ్లతో చూస్తూ ఉంటేనే. చూపు పక్కకు పోతే గిన్నె కింద పడేది. వేడో చల్లో, నున్ననో గరుకో, ఏమీ తెలిసేది కాదు.

స్కాన్ మూడు నెలలకోసారి. గొట్టంలోకి పోయేటప్పుడు భార్గవి గానీ మా ఆయన గానీ నా కాలు పట్టుకొని నిలబడతారు. అలా నిలబడనిస్తారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. అడిగితే పోయేదానికి అన్నేళ్లు దాక్కున్నాను. మీకూ అలాంటి భయం ఉంటే నోరు తెరిచి చెప్పండి. ఎవరూ నవ్వరు. నవ్వినా ఏం పోయింది?

మళ్లీ వానలు

జూన్‌లో మాట ప్రకారం కత్తి ఆయన చేతికిచ్చాను. ఇచ్చేటప్పుడు మనసు ఒప్పలేదు, ఆ సంగతి నా మొహంలో కనిపించి ఉంటుంది. నేను ముక్కాలి పీట మీద, ఆయన నేల మీద. మొదటి వారం ఆయన తీసిన చెక్కులు చూస్తే నాకు కడుపు మండింది. మామిడి పుల్లను గొడ్డలితో నరికినట్టు నరికాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ప్రతి తిట్టుకూ ఒక కొర్రీ వేశాడు. పక్క వరసల్లోని ఆడవాళ్లు పని ఆపి మమ్మల్నే చూసేవాళ్లు. మొదట కట్టిన వాటిలో ముప్పాతిక మాడిపోయాయి. రెండో విడతలో సగం నిలిచాయి. మూడో విడతలో లేత ఎర్రాకు వేసిన వరసను చూసి యజమాని, ఇది ఎవరిది అని అడిగాడు. మా ఆయన నావైపు చూపించాడు. నేను ఆయనవైపు చూపించాను.

ఆగస్టులో స్కాన్ తీశారు. కొత్తగా ఏమీ కనిపించడం లేదన్నాడు డాక్టరు. పోయిందా సార్ అని అడిగితే, పోయిందని చెప్పను, ఇప్పటికి లేదు, మూడు నెలలకు మళ్లీ చూద్దాం అన్నాడు. ఆ జవాబుతో నేను గొడవ పడలేదు. మూడు నెలలంటే అంట్ల కాలం ఒకటి. ఒక కాలానికి సరిపడా పని నాకు ఉంది. అది మళ్లీ వస్తే అప్పుడు చూస్తాం. ఈసారి దాక్కోను, అంతవరకు మాటిస్తాను.

అది జరిగిన మర్నాడు మధ్యాహ్నం ఆయన తనకు రాగిసంగటి చేసుకున్నాడు, నాకు అన్నం వండాడు. సంగటిని చెంచాతో తినడం నాకు ఇష్టం లేక ఆపరేషన్ అయినప్పటి నుంచి మానేశాను. ఆయన పొగలు కక్కుతున్న ముద్దను పళ్లెంలో పెట్టుకొని, పక్కన చెనక్కాయల చట్నీ వేసుకొని నా ఎదురుగా కూర్చున్నాడు. పొద్దున కట్టిన అంట్లలో పట్టీ కింది నుంచి కాకుండా పై నుంచి చుట్టాడు, వాన పడితే నీళ్లు లోపలికి పోవా అని నేను ఆయన్ను నిలదీస్తున్నాను. మాటల్లో పడి, ఎదురుగా ఉన్న ఆయన పళ్లెంలోకి చెయ్యి పోనిచ్చి సంగటి తుంచాను. తుంచినదాన్ని అట్లే వదిలేసి చెయ్యి విదిలించాను.

"కాల్తా ఉండాది గదయ్యా" అని ఆయన మీదే అరిచాను.

"ఊదుకొని తినాల మరి" అన్నాడు, తలెత్తకుండానే. తర్వాత తలెత్తాడు. "యాడ కాలింది?"

"వేళ్లకి."

"ఏ సేతి వేళ్లకి?"

చూసుకున్నాను. బొటనవేలి కొస, చూపుడువేలి కొస ఎర్రగా ఉన్నాయి. కుడిచెయ్యి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆయన పళ్లేన్ని మెల్లగా నా దగ్గరకు తోశాడు.

"ఇంగొకసారి ముట్టుకో" అన్నాడు.

ముట్టుకున్నాను. కాలింది.